సోమరి అనుటకు ముందు

మన సంఘములో ఒక సహోదరుడున్నాడు. మోటారు వేసి దాని సంగతే మరచును. నీళ్లు పొరుగువాని మిరపచేనిలోనికి పారును. ప్రసంగము మధ్య రెండుసార్లు లేచి బయటికి పోవును. అతనికి సోమరి అని పేరు పెట్టినది మనమే.

సోమరికి పనిమీద మనసుండదు. ఇతడో, చేయగోరియు చేయలేక, సిగ్గుతో రాత్రులు నిద్రపట్టక పొరలుచున్నాడు.

1902లో లండనులో జార్జి స్టిల్ అను వైద్యుడు ఇట్టి పిల్లలను గూర్చి ఉపన్యసించుచు దీనిని నీతి నిగ్రహ లోపమనెను. పాపము, మనవలెనే! నేటి వైద్యులు మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఏకాగ్రత లోపమందురు. పిల్లవానిలో గంతులుగా కనబడునది పెద్దవానిలో లోపలి అలజడిగా, మరపుగా, సగములో విడిచిన పనులుగా మారును. గురుతులు 12 ఏండ్లకు ముందే ఉండవలెను గనుక ప్రతి మరపును ఇదే అనరాదు.

అయితే మిరపచేను పాడాయెను గదా? నష్టము అతడు తీర్చవలసినదే. తీర్చుమనుట వేరు, దుష్టుడనుట వేరు.

అతని తల్లిని అడిగితిమి. బడిలో ఎన్ని పలకలు పోగొట్టెనో ఆమె లెక్క చెప్పలేకపోయెను. వచ్చే వారము పెద్దాసుపత్రికి మనలో ఒకరు అతని వెంట పోవుచున్నారు. ఒంటరిగా విడిచిన తారీకు మరచును.