విజయానంతర విషాదము

దిల్‌సుఖ్‌నగర్ వీథులలో శిక్షణాలయముల ఎదుట ర్యాంకులు పొందిన విద్యార్థుల చిత్రములు పెద్ద ఫలకములపై వ్రేలాడుచుండును. ఎల్.బి.నగర్ పోవు త్రోవకు సమీపమున సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియము గలదు. చదువునందైనను ఆటయందైనను బాలలు నేర్చునది ఒక్కటే: గెలిచినవానికి దుఃఖము లేదు. ఇది సత్యమా?

2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీయందు స్వర్ణపతకము సాధించెను. వ్యక్తిగత క్రీడలో భారతదేశమునకు అదియే తొలి స్వర్ణము. తన జీవితమున అతి పెద్ద మానసిక సంక్షోభము ఓటమివలన గాక విజయము పొందినప్పుడే కలిగినదని ఆయన తరువాత చెప్పెను. ఆ క్రీడలలోనే హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా మణికట్టు గాయముచే ఆట మధ్యలో విరమింపవలసి వచ్చెను. అంతకు ముందు ఏడే ఆమె సింగిల్స్‌లో ప్రపంచమున 27వ స్థానము నందుకొనియుండెను. గాయము పిమ్మట కొన్ని నెలలు కుంగుబాటునకు లోనైనట్లు ఆమె బహిరంగముగా తెలిపెను. 23 ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ సైతము ప్రతి ఒలింపిక్స్ పిదప తాను కుంగిపోయినట్లు చెప్పెను.

కుంగుబాటునకు కారణములు పెక్కు. క్రీడాకారుని విషయమున ఒకటి ప్రత్యేకము. ఏండ్ల తరబడి నిద్రాహారములను, స్నేహములను ఒకే గమ్యమునకు ధారవోసినవానికి, అది చేరిన మరునాడు ‘ఇక నేనెవరిని?’ అను ప్రశ్న మిగులును. గాయము ఆటను హరించినను ప్రశ్న అదియే.

అన్నియు నుండి దుఃఖించుట కృతఘ్నత యని కొందరందురు. జ్వరము ధనికుని విడుచునా? అట్టి మాట రోగి నోరు మూయించుటకే పనికివచ్చును. ఫలాపేక్ష లేనిచో ఈ బాధ రాదని మరికొందరందురు. బసవేశ్వరుని కాయకతత్త్వము పనిని గౌరవించినది. పనివానిని ఫలముతో తూచలేదు. కాని ఆ బోధ బిడ్డను పతకముతో తూచు పెద్దలకు ముందు వర్తించును. వ్యాధిగ్రస్తునిపై విసరు రాయి అది కారాదు.

నిరాశ, నిరాసక్తత, నిద్రలేమి రెండు వారములు వీడనిచో వైద్యుని చూడవలెను. ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయము గలదు. భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై అహర్నిశము ఉచితముగా లభించును. గృహమున చేయవలసినదియు కలదు. ఆడి వచ్చిన బిడ్డను ‘గెలిచితివా?’ అనుటకు ముందు ‘అన్నము తింటివా?’ అని అడుగవలెను. పతకము లేనినాడును తాను ఆ ఇంటివాడనేనని బిడ్డ అప్పుడే గ్రహించును.