రాతలో చిన్నా పెద్దా

మొన్న ఆదివారం మా అక్క కూతురు వచ్చి వంటింటి గడప మీద కూలబడింది.

"పిన్నీ, ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?" అంది.

పిల్లది ఏ ఆఫీసులోనూ ఉద్యోగం కాదు. ఫ్రీలాన్స్. అంటే రాసినదానికి రాసినంత. రాత్రిళ్ళు కవిత్వం రాసుకుంటుంది. సాయంత్రాలు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూసి వార్తలు రాస్తుంది. మధ్యలో చదువుల పేజీకి బళ్ళ గురించీ, పరీక్షల గురించీ, ఫీజుల గురించీ వ్యాసాలు.

"కవిత్వం ఒక్కటే నాది. మిగతావి కూలి రాతలు. వాటికీ అంత ప్రాణం పెట్టాలా?"

నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. అప్పుడు ఇటలీ కవి పాసోలినీ గుర్తొచ్చాడు. సినిమాలు తీసినవాడిగానే చాలామందికి తెలుసు. కానీ అంతకన్నా ముందు ఆయన కవి. ఫుట్‌బాల్ అంటే పిచ్చి. 1950ల మొదట్లో రోమ్ దగ్గర చాంపీనోలో బడిపంతులు కూడాను. 1971లో ఒక దినపత్రికలో, ఫుట్‌బాల్ కూడా ఒక భాషేననీ, అందులోనూ కవులూ వచన రచయితలూ ఉంటారనీ రాశాడు. అంతకుముందు ఏడాది మెక్సికోలో ప్రపంచ కప్ ఫైనల్లో బ్రెజిల్ 4-1తో ఇటలీని ఓడించింది. మన వచనాన్ని వాళ్ళ కవిత్వం గెలిచిందని తేల్చాడాయన! 1975లో నిర్బంధ మాధ్యమిక విద్యనే రద్దు చెయ్యమని ఇంకో పత్రికలో రాశాడు. ఆ మాట నేనొప్పుకోను. కానీ ఆటైనా, బడైనా, తను నమ్మిందే రాశాడు.

"కవితకో మనసు, పత్రికకో మనసు పెట్టుకోలేదే ఆయన," అన్నాను.

"ఆయన పాసోలినీ పిన్నీ! నన్నయితే ఆట అయిన అరగంటలో రాసిమ్మంటారు," అంది.

అదీ నిజమే. అందుకని ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాను.

కొన్నేళ్ళ కిందట ఒక కొత్త బడి గురించి రాయమని ఓ పత్రికవాళ్ళు అడిగారు. నా నవలకి ముగింపు కుదరక సతమతమవుతున్న రోజులవి. బడి గడప తొక్కకుండానే, వాళ్ళ కరపత్రం చూసి అరగంటలో రాసి పడేశాను. పెద్ద ఆటస్థలం ఉందన్నాను, లైబ్రరీ ఉందన్నాను.

ఏడాది తర్వాత బస్టాపులో ఒకావిడ పలకరించింది. నా వ్యాసం చదివే కొడుకుని అందులో చేర్పించారట. గాజులు కుదువపెట్టి ఫీజు కట్టారట. ఆటస్థలమూ లేదు, లైబ్రరీ గదికి ఎప్పుడూ తాళమే. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు.

"మీ నవలలన్నీ చదువుతానండీ. మీరు రాశారంటే నిజమే అనుకున్నాం," అంది.

నా నవల ముగింపు బాగా లేకపోతే ఆవిడకి ఓ మధ్యాహ్నం దండగ. ఆ అరగంట రాత వల్ల పిల్లాడికి ఏడాది దండగైంది. ఇందులో ఏది చిన్న రాత, ఏది పెద్ద రాత? పండగనాటి పులిహోరకి ఉప్పు చూసుకుని, రోజూ చేసే పప్పుకి చూడకుండా వడ్డిస్తామా? పిల్లలు పెరిగేది ఆ పప్పన్నంతోనే కదండీ!

మా పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అడిగింది.

"ఆవిడకి నువ్వేం చెప్పావు పిన్నీ?"

ఏమీ చెప్పలేదు. బస్సొస్తే ఎక్కేశాను. నేనెక్కాల్సిన బస్సు కూడా కాదది.

ఆవిడ ఈ పేజీ చదువుతారేమో. చదివితే, ఆ రోజు అనాల్సిన మాట ఇవాళ అంటున్నాను. తప్పు నాదేనండీ.