రాముడు అడిగిన వరం, మనం విసిరే అరటిపండు

చైత్ర పౌర్ణమి దగ్గరికొచ్చింది. ఇచ్చోడ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై హనుమాన్ దీక్షాపరులు అప్పుడే కనిపిస్తున్నారు. కొందరు కొండగట్టు దాకా కాలినడకనే. ఆ రోజు వచ్చే చిన్న హనుమాన్ జయంతికి దీక్ష గురించి నాలుగు మంచిమాటలు రాయమన్నారు పత్రికవాళ్లు, అదీ ఈ రాత్రిలోగా. దీక్ష మహిమ తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పడమెందుకు? ఆ స్వామి పేరు మీద మనం చేస్తున్న ఒక పని నాకు ఎంతోకాలంగా మింగుడు పడటం లేదు. అదే రాస్తాను.

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కి నేరడిగొండ వైపు వస్తుంటే దారి పక్కన కోతుల గుంపులుంటాయి. మంగళవారం, శనివారం చూడాలి ఆ సంబరం. కారు ఆగుతుంది, అద్దం దిగుతుంది, జై శ్రీరామ్ అంటూ అరటిపండ్లు బయటికొస్తాయి. మొన్న ఒక తల్లికోతిని చూశాను. పిల్ల పొట్టను కరుచుకుని ఉంది. రోడ్డు మీది తెల్లగీతపై కూర్చుని బిస్కెట్ పొట్లాన్ని పళ్లతో చించుతోంది. లారీ హారన్ కొట్టినా కదల్లేదు. లారీయే పక్కకు తప్పుకుంది. అన్ని లారీలూ తప్పుకోవు. చక్రాల కింద పడ్డ కోతికి పసుపు కుంకుమ చల్లి, గుంత తీసి పాతిపెట్టే భక్తులు మన ఊళ్లలో ఉన్నారు. దాన్ని రోడ్డు మీదికి పిలిచిందెవరని అడిగేవాళ్లే లేరు.

రామాయణం మనకు కొత్త కాదు. అయినా యుద్ధకాండ చివర ఒక ఘట్టాన్ని పురాణం చెప్పేవాళ్లు పట్టాభిషేకం తొందరలో దాటేస్తుంటారు. రావణుడు పడ్డాడు, సీతమ్మ అగ్నిలోంచి వచ్చింది, దేవతలు దిగారు. ఏం కావాలో కోరుకోమన్నాడు ఇంద్రుడు. రాముడు తనకంటూ ఏమీ అడగలేదు. తన కోసం ప్రాణాలిచ్చిన వానరులు, భల్లూకాలు లేచి రావాలన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. ఆ వానరులు ఎక్కడుంటే అక్కడ కాలం కాని కాలంలో కూడా పూలు, దుంపలు, పండ్లు దొరకాలనీ, ఏర్లు తేటగా పారాలనీ అడిగాడు. అయోధ్య ఖజానాలోంచి రోజుకింత అని ఏర్పాటు చేయడం ఆయనకు ఎంతసేపు? అది వదిలి చెట్టునూ ఏటినీ అడిగాడంటే వాళ్ల బతుకు ఎక్కడుందో ఆయనకు తెలుసు. పద్నాలుగేళ్లు అడవిలో ఉన్న మనిషి కదా. 

ఆయన అడిగిన ఆ చెట్టు సంగతి మన అడవిలోనే చూడొచ్చు. ఇప్పుడు ఇప్పపూల కాలం. అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లారేదాకా చెట్టు కింద టపటపా రాలుతుంటాయి. ఒక్క ఇప్పచెట్టు దగ్గర ఎన్ని ప్రాణులు బంతులు బంతులుగా కూర్చుంటాయో చూడాలి. చీకట్లో గబ్బిలాలు కొమ్మల్లోకి వస్తాయి. రాలినవాటికి ఎలుగుబంటి వస్తుంది, దుప్పి వస్తుంది. పొద్దు పొడవకముందే గోండు, కొలాం ఆడవాళ్లు గంపలతో వస్తారు. తర్వాత కోతులు. రేపటికి కూడా చెట్టు ఉండాలన్న ఎరుక ఆదివాసీలది. కొత్తపంటను దేవుడికి పెట్టనిదే నోట పెట్టరు వాళ్లు. అయితే పూలు ఏరడం సులువవుతుందని చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు కొందరికి ఉంది. అదీ తప్పే, అందులోంచి అడవి అంటుకుంటుంది.

కోతి తిని పోయేది మాత్రమే కాదు. దాని రెండు దవడల్లో సంచులుంటాయి. నేరేడు, తునికి, మొర్రి పండ్లను గబగబా అందులో కుక్కుకుని, దూరంగా పోయి, తీరిగ్గా నమిలి గింజను ఉమ్మేస్తుంది. అడవికి జీతం లేని నాటుకూలీ అది. పశ్చిమ బెంగాల్‌లోని బక్సా అడవిలో ఇలాంటి కోతులనే గమనించినవాళ్లు 2015లో ఒక సంగతి అచ్చువేశారు. మనుషులు తిండి పెట్టే రోజుల్లో కోతులు అడవిపండ్లు తక్కువ తిన్నాయి, తక్కువ తిరిగాయి, చల్లిన గింజలూ తగ్గాయి. చల్లినవీ తారురోడ్డు మీద పడ్డాయి. మనం విసిరే పండు ఎన్ని మొక్కలను పుట్టకముందే చంపుతోందో ఆలోచించండి.

కొండెంగ సంగతి ఇంకా చిత్రం. కొమ్మ మీద కూర్చుని ఆకు సగం తిని సగం వదిలేస్తుంది. కింద దుప్పులు తలలెత్తి ఆ రాలినవి ఏరుకుంటాయి. పైనుంచి కొండెంగకు పులి ముందు కనబడుతుంది, కింద దుప్పికి వాసన ముందు తగులుతుంది. ఎవరు ముందు పసిగట్టినా అరిచేస్తారు, రెండు జాతులూ జాగ్రత్తపడతాయి. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ అడవిలో ఈ చుట్టరికం ఇప్పటికీ నడుస్తోంది. మన పల్లెల్లో మాత్రం కొండెంగను ఫ్లెక్సీ మీదికి ఎక్కించి, ఎర్రమూతి కోతులు బెదరాలని చేను గట్టున నిలబెడుతున్నాం. రెండు రోజులు బెదురుతాయి. మూడో రోజు ఆ కర్రల మీదే కూర్చుని మక్కకంకులు ఒలుస్తాయి.

కోతుల తప్పెంత? ఎన్నో చెట్లు కలిసి పెరిగే అడవిని నరికి వరసగా టేకు పెంచాం. టేకులో కోతి తినేదేముంది? పైగా రోడ్డు మీద తీపి రుచి మరిపాం. కోతుల బెడదకు కూరగాయలు వేయడం మానేసిన రైతులెందరో. కోతులు వాపస్ పోవాలె, వానలు వాపస్ రావాలె అన్న నినాదంతోనే 2015లో మొక్కలు నాటే హరితహారం మొదలైంది. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలి(బి)లోని గండి రామన్న హరితవనంలో కోతులకు పునరావాస కేంద్రం తెరిచారు. పట్టి తెచ్చినవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి అడవిలో వదలడం దాని పని. ఒకవైపు సర్కారు అడవికి పంపిస్తుంటే ఇంకోవైపు మనం అరటిపండు చూపించి రోడ్డుకు రప్పిస్తున్నాం.

భూతయజ్ఞం శాస్త్రంలోనే ఉంది కదా, ప్రాణికి ఇంత పెడితే తప్పా అని అడిగే పెద్దలున్నారు. ఉంది, కాదనను. ఇంట్లో వండిన దాంట్లోంచి గుప్పెడు తీసి కాకికీ కుక్కకూ చీమకూ పెట్టమన్నారు. మన గడప చుట్టూ మనతోపాటు బతికేవాటి భాగం అది. అడవిలో ఉన్నదాన్ని గడపలోకి పిలిచి అలవాటు చేయమని ఏ స్మృతికారుడూ చెప్పలేదు. దానం చేసేవాడు పుచ్చుకునేవాడికి మేలో కీడో చూసుకోవాలన్నారు. అది మాత్రం మనకు గుర్తుండదు. మన శనిదోషం పోతే చాలు, కోతికి ఏ దోషం పట్టుకుంటే మనకేం!

హనుమాన్ గుడి కమిటీలవాళ్లను ఒకటి అడుగుతాను. ఈ ఏడు జయంతికి లైటింగు కొంచెం తగ్గించుకుని, మిగిలిన డబ్బు పక్కన పెట్టండి. తొలకరి పడగానే నర్సరీకి వెళ్లి మేడి, జువ్వి, నేరేడు, మొర్రి మొక్కలు కావాలని అడగండి. గుడి ముందు నాటకండి, కోతులు మళ్లీ ఊళ్లోకే వస్తాయి. అటవీ శాఖవాళ్లతో మాట్లాడి, రోడ్డుకు దూరంగా ఎక్కడ నాటమంటే అక్కడ నాటండి. మొర్రి మొక్కలు లేవనే అంటారు. వచ్చే ఏడుకైనా గింజ పోయించమని చెప్పి రండి.