క్రియకూ ఫలానికీ నడుమ

యజ్ఞం కొన్ని గంటల్లోనో కొన్ని రోజుల్లోనో ముగిసిపోతుంది. దానికి ఫలమని వేదం చెప్పే స్వర్గం యజమాని దేహం విడిచిన తరువాత గాని లభించదు. ఆహుతి అగ్నిలో పడి కాలిపోవడంతోనే క్రియ నశించిందని అందరూ ఒప్పుకుంటారు గనుక, నశించిన క్రియ ఏళ్లు గడిచాక ఫలాన్ని ఎలా పుట్టించగలదన్న ప్రశ్న పూర్వమీమాంసను, అంటే వేదంలోని కర్మకాండను విచారించే దర్శనాన్ని, మొదటినుంచీ వెంటాడుతూనే ఉంది. చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా అన్న తెలుగు సామెతలో ఫలం తప్పదన్న నమ్మకం ఉంది గాని, చేసుకున్నది అనుభవానికి వచ్చేదాకా ఎక్కడ, ఏ రూపంలో ఉంటుందన్న విచారం లేదు. కర్మసిద్ధాంతంలో నిజంగా చిక్కైన భాగం ఈ నడిమి కాలమే.

ఆ నడిమి కాలాన్ని ఎదుట పెట్టుకుని పరిశీలించే అవకాశం హైదరాబాదు పడమటి భాగంలో రెండు తీరుల దొరుకుతుంది. మొదటిది గోల్కొండ. కోట ప్రవేశద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన కొండ కొమ్మున ఉన్న బాలాహిస్సార్‌లో అవి స్పష్టంగా వినిపిస్తాయి. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు గనుక ఆ చప్పుడు పైకి చేరడానికి మూడు సెకన్లకు కాస్త తక్కువ పడుతుంది. ఆ వ్యవధిలో శబ్దం ఎక్కడా ఆగదు, గాలి పొరలు ఒకదాన్నొకటి కదిలిస్తూ పోతాయి. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు శబ్దసంతానమని పిలిచింది దీనినే. వారి మతంలో శబ్దం ఆకాశానికి గుణం, పుట్టిన మూడో క్షణానికి నశిస్తుంది, నశించేలోగా తనవంటి మరో శబ్దాన్ని పుట్టిస్తుంది. నీటి మీద అల వెనుక అల లేచినట్టుగా సాగే ఈ పరంపరలో చిట్టచివర చెవిలో పుట్టిన శబ్దమే వినబడుతుంది. తర్కసంగ్రహం రాసిన తెలుగు పండితుడు అన్నంభట్టు కూడా ఈ సంప్రదాయంవాడే. ఈ మతాన్ని అంగీకరిస్తే ద్వారం దగ్గర నిలిచినవాడు వినేదీ బాలాహిస్సార్‌లో ఉన్నవాడు వినేదీ రెండూ వారస శబ్దాలే అవుతాయి, తేడా తరాల సంఖ్యలోనే ఉంటుంది. అయితే ఇక్కడ కార్యకారణాల గొలుసు ఎక్కడా తెగలేదు గనుక, యజ్ఞానికీ స్వర్గానికీ మధ్య ఉన్న ఖాళీకి గోల్కొండ సరైన దృష్టాంతం కాదు.

రెండో దృష్టాంతం అభిరుచి కొద్దీ ఇంట్లో సింథసైజర్ కట్టుకునేవారి బల్ల మీద దొరుకుతుంది. సింథసైజర్ అంటే తీగలూ గాలిగొట్టాలూ లేకుండా విద్యుత్ కంపనాల నుంచే స్వరాలను పుట్టించే వాద్యం. దానికి చేర్చే డిలే అన్న ఉపకరణం ప్రతి స్వరాన్నీ కొంత ఆలస్యం చేసి మళ్లీ వినిపిస్తుంది. ఇటువంటి ఆలస్యాన్ని కోరి తెచ్చుకోవడం ఈ ప్రాంతపు స్వభావానికి ఎదురీత వంటిదన్న మాట ఇక్కడ చెప్పుకోవాలి. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుంచి హైటెక్ సిటీ బతుకంతా దూరదేశాలతో మాట్లాడడం మీదనే నడుస్తోంది. న్యూయార్క్ దాకా ఉన్న సుమారు 13,000 కిలోమీటర్లను గాజుతీగలో కాంతి దాటడానికే 65 మిల్లీసెకన్లు పడుతుంది, ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించితే సంభాషణ కుంటుపడుతుందని అంతర్జాతీయ టెలికం ప్రమాణాలు చెబుతాయి. ఆలస్యం అక్కడ దోషం. అదే ప్రాంతంలో, నమూనా పరికరాల తయారీకోసం రాష్ట్ర ప్రభుత్వం రాయదుర్గంలో నెలకొల్పగా 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి చోట్లు ఉన్నందువల్ల, కోఠీ గుజరాతీ గల్లీలో ఐసీలూ రెసిస్టర్లూ కొనుక్కుని ఇంట్లో టంకం పెట్టుకునే అలవాటు నగరంలో ఎప్పటినుంచో ఉన్నందువల్ల, ఆలస్యాన్ని గుణంగా చేసుకోవడం సాధ్యపడుతుంది.

డిలే సర్క్యూట్లలో పాత రకం ఒకటి నైయాయికుల పరంపరకు అచ్చమైన నమూనా. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలకు చెందిన సాంగ్‌స్టర్, టీర్ ప్రకటించిన బకెట్ బ్రిగేడ్ పద్ధతిలో వరుసగా అమర్చిన వందలాది కెపాసిటర్లు గడియారపు ప్రతి టిక్కుకూ తమలోని విద్యుదావేశాన్ని పక్కదానికి అందిస్తాయి. ఇప్పుడు ఇంట్లో కట్టుకునేవారు ఎక్కువగా వాడే పీటీ2399 అన్న తైవాన్ చిప్పు పని అలా ఉండదు. 16 కాళ్ల ఈ చిప్పును కరావోకే యంత్రాల్లో ప్రతిధ్వని కోసం తయారుచేశారు. దీనికి 5 వోల్టులే కావాలి గనుక 9 వోల్టులతో నడిచే సింథసైజర్‌లో ముందు ఒక రెగ్యులేటర్ పెట్టవలసి ఉంటుంది. లోపలికి వచ్చిన స్వరాన్ని అది ఒకట్లూ సున్నాలుగా మార్చి 44 కిలోబిట్ల జ్ఞాపకంలో రాసుకుంటుంది, తరువాత చదివి స్వరంగా మారుస్తుంది. ఆరో పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 27.6 కిలో ఓముల రెసిస్టర్ ఉంటే ఈ వ్యవధి 342 మిల్లీసెకన్లు, అర కిలో ఓము ఉంటే 31.3 మిల్లీసెకన్లు. గోల్కొండ చప్పట్లు పైకి చేరే సమయాన్ని ఇలా కూడబెట్టాలంటే ఎనిమిది తొమ్మిది చిప్పులను వరుసగా కలపాలి. అసలు గమనించవలసింది ఇది: ఆ 342 మిల్లీసెకన్లలో ఆ స్వరం శబ్దరూపంలో గాని, దాన్ని పోలిన విద్యుత్ తరంగరూపంలో గాని చిప్పులో ఎక్కడా లేదు. క్రియ ముగిసింది, ఫలం రాలేదు, మధ్యలో ఉన్నది వినబడనిదీ స్వరంతో ఏ పోలికా లేనిదీ.

మీమాంసకులు అపూర్వమని పేరుపెట్టింది సరిగ్గా ఇటువంటిదానికే. అపూర్వమంటే యాగానికి ముందు లేనిదై, యాగం వల్ల కొత్తగా పుట్టి, ఫలం కలిగేదాకా నిలిచే అదృశ్యమైన శక్తి. అది కంటికి కనబడదు, అర్థాపత్తి చేత మాత్రమే తెలుస్తుంది. వేదవాక్యం అసత్యం కాకూడదంటే అటువంటిదొకటి ఉండి తీరాలన్న తర్కానికే అర్థాపత్తి అని పేరు. వారి లెక్క ఎంత సూక్ష్మమైనదో దర్శపూర్ణమాస యాగంలో కనబడుతుంది: పౌర్ణమినాటి మూడు ప్రధానయాగాలు, అమావాస్యనాటి మూడు యాగాలు దేనికది ఒక ఉత్పత్త్యపూర్వాన్ని మిగులుస్తాయి, మూడేసి కలిసి రెండు సముదాయాపూర్వాలవుతాయి, ఆ రెండూ కలిసి స్వర్గాన్నిచ్చే పరమాపూర్వమవుతుంది. పక్షం రోజుల ఎడంతో జరిగినవి ఒకే ఫలానికి ఎలా చేరతాయన్న సందేహానికి ఇంత ఓపికగా సమాధానం వెతికినవారి పట్ల గౌరవం కలగక మానదు.

అయినా ఈ సమాధానం చాలదని బ్రహ్మసూత్రాలు అంటాయి. మూడో అధ్యాయం రెండో పాదం చివరి నాలుగు సూత్రాల్లో, ఫలమిచ్చేది ధర్మమేనన్న మీమాంసాసూత్రకారుడు జైమిని మతాన్నీ, ఈశ్వరుడేనన్న బ్రహ్మసూత్రకారుడు బాదరాయణుడి మతాన్నీ ఎదురెదురుగా నిలిపారు. జడమైన అపూర్వం చేతనుడి ప్రేరణ లేకుండా దేశకాలాలెరిగి ఫలాన్ని అందించలేదని శంకరుల భాష్యం. ఇంట్లో కట్టిన సర్క్యూట్ ఈ వివాదంలో ఈశ్వరుణ్ణి నిరూపించలేదు, అంతటి బరువును దానిమీద మోపడం తగదు కూడా. కాని ఒక సంగతిని అది తేటతెల్లం చేస్తుంది. స్వరం జ్ఞాపకంలో ఉండగానే ఆరో పిన్ను దగ్గరి నాబ్‌ను తిప్పితే, రాసుకున్న బిట్లలో ఒక్కటీ మారదు, అయినా అవి బయటికి వచ్చే వేళ మారుతుంది. ఒక వేగంతో రాసినదాన్ని వేరొక వేగంతో చదవడం వల్ల స్వరపు శ్రుతి సైతం జారిపోతుంది. ఫలం ఎప్పుడు, ఏ స్థాయిలో అనుభవానికి రావాలన్న నియమం మిగిలిపోయిన సంస్కారంలో లేదన్నమాట. దాన్ని చదివే గడియారంలో ఉంది. ఆ నియమం విధివాక్యంలోనే ఉందని మీమాంసకుడు బదులివ్వవచ్చు. వాక్యం నియమాన్ని తెలుపుతుంది గాని అమలు జరపదు గనుక, ఈ ఒక్క అంశంలో వేదాంతుల ఆక్షేపణే బలమైనదని ఒప్పుకోవలసి వస్తుంది.

డిలేకు ఫీడ్‌బ్యాక్ చేరిస్తే విచారం యజ్ఞాన్ని దాటి మనస్సులోకి ప్రవేశిస్తుంది. ఫీడ్‌బ్యాక్ అంటే బయటికి వచ్చిన నకలులో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి పంపడం. ఫలమే తిరిగి క్రియ కావడం. మనస్సు కదలికలైన వృత్తుల వల్ల వాటి ముద్రలైన సంస్కారాలూ సంస్కారాల వల్ల వృత్తులూ పుడుతూ రేయింబవళ్లు తిరిగే చక్రమని యోగసూత్రాల వ్యాసభాష్యం చెప్పింది దీనినే. తిరిగి పంపే పాలు 70 శాతమైతే ఆరో ఆవృత్తికి, అంటే రెండు సెకన్లకు, తొలి బలంలో 12 శాతమే మిగులుతుంది. ప్రతి చుట్టులోనూ వడపోత వల్ల పదునైన పైస్థాయి కంపనాలు రాలిపోయి నకలు మొద్దుబారుతుంది. ఆ పాలు నూటికి నూరు దాటిన తరువాత ఏ మీటనూ నొక్కనక్కరలేదు. చిప్పులో సహజంగా ఉండే సన్నని రొదే చుట్టుచుట్టుకూ పెరిగి, గదంతా నిండే హోరవుతుంది. దీనికి మొదటి స్వరం ఏదని అడిగితే జవాబు లేదు. సంసారాన్ని అనాది అన్నప్పుడు శాస్త్రకారులు ప్రశ్నను తప్పించుకున్నారని కొందరు ఆధునికులు అనుకుంటారు. ఫలం తానే కారణమయ్యే వ్యవస్థలో ఆది అన్నది కాలగర్భంలో పోయిన సమాచారం కాదనీ, అసలు అడగడానికే వీలులేని సంగతనీ ఈ హోరు వింటే బోధపడుతుంది.

ఆపే ఉపాయం మాత్రం ఉంది. ఫీడ్‌బ్యాక్ నాబ్‌ను పూర్తిగా వెనక్కు తిప్పినా అప్పటికే జ్ఞాపకంలో చేరినది వచ్చి తీరుతుంది. తత్త్వజ్ఞానం కలిగినా ప్రారబ్ధం, అంటే ఫలమివ్వడం మొదలుపెట్టిన కర్మ, అనుభవించి తీరాలన్న అద్వైతుల మాట ఇటువంటి స్థితి గురించే. ఆ తరువాత నొక్కిన ప్రతి మీటకూ స్వరం పలుకుతుంది, ఒక్క నకలు వస్తుంది, అది మరో క్రియకు విత్తనం కాదు. విద్యుత్తు తీసివేసినా హోరు వెంటనే ఆగుతుంది గాని అప్పుడు వాద్యమే పలకదు. జీవన్ముక్తిని, అంటే బతికుండగానే కలిగే ముక్తిని, అంగీకరించిన ఆచార్యులు నాబ్ తిప్పిన తరువాత కూడా పలికే వాద్యం గురించే మాట్లాడారు.