అడిగే నోరు, చెప్పే నోరు



మీ నియోజకవర్గం నుండి ఎన్నికైన పార్లమెంటు సభ్యులు గత ఏడాది సభలో ఏయే ప్రశ్నలు అడిగారో మీలో ఎందరికి తెలుసు? ఎవరింటి పెళ్ళికి వచ్చారో, ఏ ఊరి రోడ్డు మరిచిపోయారో చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతాం. ప్రశ్నల సంగతి మాత్రం మనం పట్టించుకోం. నేనూ చాలాకాలం పట్టించుకోలేదు. అడగడం కూడా ఒక పనేనా, అడిగితే ఎవరి కడుపు నిండుతుంది అనుకునేవాణ్ణి.

లోక్‌సభలో ఉదయం 11 గంటలకు మొదలయ్యే మొదటి గంట ప్రశ్నలది. రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్రపు గుర్తు ఉంటుంది. వాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. అది చాలకపోతే అడిగిన సభ్యుడు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేయవచ్చు. మరో 230 ప్రశ్నలకు జవాబు కాగితం మీద వస్తుంది. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. అందులో వాదన ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు, ఎవరి మీదా నింద ఉండకూడదు. ఈ నియమాలను మన విచారణ సంఘ సమావేశాల్లో అమలుచేస్తే మాలో సగం మంది మౌనవ్రతం పట్టవలసివస్తుంది.

అయితే ప్రశ్న అడిగినంత మాత్రాన మంచివాడని అనలేం. 1951లో ముద్గల్ అనే సభ్యుడు బొంబాయి బంగారు వర్తకుల సంఘం నుండి సొమ్ము పుచ్చుకుని సభలో వారి పని చేసిపెట్టాడని తేలింది. స్వయంగా ప్రధాని నెహ్రూయే అతన్ని తొలగించాలని తీర్మానం పెట్టారు. 2005 డిసెంబరులో పదకొండు మంది సభ్యులను ఉభయ సభలూ బహిష్కరించాయి. ప్రశ్న అడగడానికి వారు తీసుకున్నది 15 వేల నుండి లక్షా 10 వేల రూపాయల దాకా. ఇంకో ముఖం కూడా ఉంది. 1957 డిసెంబరులో జీవిత బీమా సంస్థ ప్రజల సొమ్మును ఒక వ్యాపారి కంపెనీల్లో ఎందుకు కుమ్మరించిందని సభలో నిలదీసిన ఫిరోజ్ గాంధీ కూర్చున్నది అధికార పక్షంలోనే. ప్రధాని ఆయనకు స్వయానా మామగారు. రెండు నెలలు తిరక్కుండా ఆర్థికమంత్రి కృష్ణమాచారి రాజీనామా చేశారు. సభ ఒకటే, పద్ధతి ఒకటే. తేడా అంతా ఎవరి కోసం అడిగారన్న దాంట్లో ఉంది.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వలస కూలీలు పిల్లలను చంకనేసుకుని ఎండలో నడిచిపోవడం మనమంతా చూశాం. మే 8న ఔరంగాబాదు దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది మీదుగా గూడ్సు రైలు వెళ్ళింది. వారు దారికి కట్టుకున్న రొట్టెలు పట్టాల మీద చెదిరి ఉన్న ఫోటో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సెప్టెంబరులో పార్లమెంటు సమావేశమైంది. కరోనా కారణంగా ఆ సమావేశాల్లో నోటితో జవాబు చెప్పే గంటను తీసివేశారు. కాగితపు జవాబులే మిగిలాయి. ఎందరు వలస కూలీలు చనిపోయారు, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని సభ్యులు రాసి అడిగారు. అటువంటి లెక్కలు లేవు, కనుక పరిహారం ప్రశ్నే రాదు అని కార్మికశాఖ జవాబిచ్చింది. ఇళ్ళకు తిరిగి వెళ్ళినవారు కోటీ నాలుగు లక్షల పైచిలుకని మాత్రం అవే సమావేశాల్లో లెక్క చెప్పారు. నడిచినవారిని లెక్కపెట్టారు గాని, నడవలేక పడిపోయినవారిని లెక్కపెట్టలేదన్నమాట.

తమ్ముడు ఏడీ అని దేవుడు అడిగినప్పుడు కయీను చెప్పిన జవాబు నాకు గుర్తుకొచ్చింది. అతనూ తన దగ్గర లెక్క లేదనే అన్నాడు.

అదే నెలలో రాజ్యసభలో ఒక సభ్యుడు మరోలా అడిగారు. మొత్తం దేశం గురించి కాదు, శ్రామిక్ రైళ్ళలో ఎందరు చనిపోయారు అని. సెప్టెంబరు 9 నాటికి 97 మంది అని రైల్వే మంత్రి అంకెతో సహా చెప్పవలసివచ్చింది. వలను ఎంత సన్నగా అల్లితే అంత పట్టుబడుతుంది. పెద్ద ప్రశ్న అడిగి పత్రికలో పేరు చూసుకోవడం తేలిక. చిన్న ప్రశ్న అడగాలంటే ముందు కూర్చుని చదవాలి, బాధితుల ఇంటికి వెళ్ళి వినాలి.

విదేశీ వ్యవహారాల విషయంలో ఈ ధర్మసంకటం ఇంకా చిక్కుగా ఉంటుంది. 2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్ నగరంలో 40 మంది భారతీయ కూలీలను ఉగ్రవాదులు పట్టుకుపోయారు. ఎక్కువమంది పంజాబువారు. ఒక్కడు తప్పించుకుని వచ్చి, మిగిలినవారిని తన కళ్ళ ముందే కాల్చేశారని చెప్పాడు. ప్రభుత్వం ఆ మాట నమ్మలేదు. సభలో ప్రశ్న వచ్చిన ప్రతిసారీ, వారు చనిపోయారనడానికి ఆధారం లేదు, వెతుకుతూనే ఉన్నాం అన్నదే జవాబు. 2017 జులైలో లోక్‌సభలో విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్, ఆధారం లేకుండా ఒక మనిషి చనిపోయాడని ప్రకటించడం పాపమనీ, ఆ పాపం తాను చేయననీ అన్నారు.

పాఠకులారా, ఈ మాటను మీరు తొందరపడి తీసిపారేయకండి. నేను చాలా రోజులు ఆలోచించాను. బతికున్న మనిషిని చచ్చిపోయాడని ఫైలు మూసేస్తే అది నిజంగా పాపమే. అదే సమయంలో, తిరిగిరాని కొడుకు కోసం తల్లి నాలుగేళ్ళు వాకిట్లో కూర్చుంటే ఆ ఆశను ఇచ్చినవారి మీద ఏ భారమూ లేదా? తెలియదు అని చెప్పడం వేరు, బతికే ఉన్నారేమో అనిపించేలా చెప్పడం వేరు. ఆమె వెతికించారు, అందులో సందేహం లేదు. బాదూష్ అనే ఊరి దగ్గర మట్టిదిబ్బ కింద శవాలను రాడార్‌తో కనిపెట్టి, ఒక్కొక్కరికీ డీఎన్ఏ పరీక్ష చేయించి తేల్చారు. కాని తప్పించుకుని వచ్చిన ఆ ఒక్కడి మాటకు సభలో విలువ దక్కకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పేదవాడి సాక్ష్యం ఎప్పుడూ తేలికే.

2018 మార్చి 20న రాజ్యసభలో ఆమె లేచి ఆ 39 మందీ చనిపోయారని ప్రకటించారు. ఆ కబురు కుటుంబాలకు టీవీలో తెలిసింది. మాకు ముందు ఒక్క మాట చెప్పకూడదా అని వారు విలపించారు. ముందుగా సభకు చెప్పడం తన విధి అని మంత్రి సమాధానం. సభలో అడిగిన ప్రశ్నకు సభలోనే జవాబు చెప్పాలన్న నియమం మంచిదే. కాని ఆ ప్రశ్న సభ్యులది కాదు కదా. వాళ్ళు ఆ తల్లుల ప్రశ్నను మోసుకువచ్చినవారు మాత్రమే. గంట ముందు ఒక తహశీల్దారునో, ఊరి పెద్దనో ఆ ఇళ్ళకు పంపి ఉంటే సభ గౌరవానికి ఏం లోటు వచ్చేదో నాకు అర్థం కాదు.

ఇక్కడ మంత్రిని అని, సభ్యులను అని ఊరుకోవడం నాకు మనసొప్పదు. 2016 మార్చి 4న యెమెన్‌లోని ఏడెన్‌లో మదర్ తెరెసా సభకు చెందిన నలుగురు మఠకన్యలతో సహా 16 మందిని చంపి, సలేసియన్ గురువు ఫాదర్ టామ్ ఉళున్నలిల్‌ను ఎత్తుకుపోయారు. 2017 సెప్టెంబరు 12న ఆయన విడుదలయ్యేవరకు దాదాపు ఏడాదిన్నర మన దేవాలయాల్లో ప్రార్థించాం. కేరళ సభ్యులు పార్లమెంటులో అడిగారు, మన సంఘాలు మహజర్లు పంపాయి. చేయవలసిన పనే చేశాం. లిబియాలోని సిర్తేలో 2015 జులైలో అపహరణకు గురై 2016 సెప్టెంబరులో బయటపడిన ఇద్దరు తెలుగు అధ్యాపకుల కోసం మాత్రం మన విచారణలో ఒక్క మహజరూ వెళ్ళలేదు.

ఆ రోజుల్లో ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థనలు నేనే చదివేవాణ్ణి. ఒక ఆదివారం బయటికి వస్తుంటే, కొడుకు కువైట్‌లో డ్రైవరుగా ఉన్న ఒక పెద్దమ్మ నన్ను ఆపింది. "మాస్టారూ, ఫాదరుగారి పేరు ప్రతివారం చదువుతున్నారు, సంతోషం. టీవీలో చెబుతున్నారే, ఆ ముప్పై తొమ్మిది మంది, వాళ్ళకు పేర్లు లేవా?" అంది. ఉన్నాయమ్మా, వాళ్ళు మనవాళ్ళు కాదుగా అనబోయి నాలుక కరచుకున్నాను. వచ్చే వారం చూద్దాంలే అన్నాను. ఆ వచ్చే వారం రాలేదు.

2018 ఏప్రిల్ 2న, పునరుత్థాన పండుగ మర్నాడు, 38 మంది అవశేషాలు విమానంలో అమృతసర్ చేరాయి. ఆ తరువాతి ఆదివారం పత్రికలో దొరికిన పేర్లను కాగితం మీద రాసుకుని వెళ్ళాను. అన్నీ నాకు నోరు తిరగని పంజాబీ పేర్లు. మూడు చోట్ల తడబడ్డాను. ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మ ప్రతి పేరుకూ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంటోంది.