నలువది ఇద్దరు గల గ్రామము

మూల వాక్యము: ఎజ్రా 2:21–24



బైబిలు చదివేటప్పుడు మనము త్వరగా దాటిపోయే అధ్యాయములలో ఎజ్రా రెండవ అధ్యాయము ఒకటి. అందులో కథ లేదు, కీర్తన లేదు. బబులోను చెరనుండి తిరిగి వచ్చినవారి పేర్లు, లెక్కలు మాత్రమే ఉన్నాయి. బేత్లెహేమువారు 123 మంది, నెటోపావారు 56 మంది, అనాతోతువారు 128 మంది, అజ్మావెతువారు 42 మంది. సమాజమంతా కలిపి 42,360 మంది అని 64వ వచనము చెబుతున్నది. అంత పెద్ద లెక్కలో 42 మంది గల పల్లెను విడిగా వ్రాయకపోయినా లోటు కనబడదు. అయినా దేవుడు దానిని వ్రాయించాడు.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మా వంటివారికి ఇది సులువుగా బోధపడుతుంది. హాజరు పట్టీలో అడుగున ఉండే మొత్తము ఇన్‌స్పెక్టరు కోసము. పైనున్న పేర్లు పంతులు కోసము. దేవుడు మొత్తము చూసి తృప్తిపడే ఇన్‌స్పెక్టరు కాడు, పేరు పెట్టి పిలిచే కాపరి.

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలో కూడా అజ్మావెతు వంటి ఊరొకటి ఉన్నది. అమెరికానుండి వచ్చిన సామ్యూల్ డే దొరగారు 1836లో విశాఖపట్నములో పని మొదలుపెట్టి, 1837లో ఈ మద్రాసు పట్టణమునకు వచ్చి, 1840లో నెల్లూరు వెళ్లారు. ఏండ్లు గడిచినా ఫలము స్వల్పమే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే. ఆ నెలలోనే జాన్ క్లౌ దొరగారు ఒంగోలుకు పడమరగా ఉన్న తాళ్లకొండపాడు అనే చిన్న గ్రామమునకు వెళ్లారు. అక్కడ యెర్రగుంట్ల పేరయ్యగారు ఉండేవారు. ఆయన మాదిగ కుటుంబములో పుట్టి తోళ్ల వ్యాపారము చేసినవారు, 1866లో జూయెట్ దొరగారి చేత బాప్తిస్మము పొందినవారు. ఆయన సాక్ష్యము విన్న చుట్టుపక్కల పల్లెలవారు సద్ది కట్టుకొని వచ్చి, కొన్ని దినములు అక్కడే ఉండి వాక్యము విన్నారు. వారిలో 28 మంది బాప్తిస్మము పొందారు.

పదకొండేండ్ల తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. అంతకు ముందు 1876–78లో గొప్ప కరువు. ఆ దినములలో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగము కంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చారు. ఇక్కడ మైలాపూరు వైపు పట్టణ రైలు వెంబడి కనిపించేది ఆ కాలువే. మురుగు వాసనకు ముక్కు మూసుకొని దాటిపోతాము గాని, ఉత్తరాన దానిని త్రవ్వినది మన పల్లెల చేతులే.

2,222 లెక్క మన సంఘములలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 28 లెక్క ఎందరికి తెలుసు? ఆ 28 మంది వంటివారు ఊరూరా సాక్ష్యమివ్వకపోతే గుండ్లకమ్మ ఒడ్డుకు అంతమంది వచ్చేవారు కారు.

ప్రియులారా, చెన్నైలో స్థిరపడిన మనలను "మీదే ఊరు?" అని అడిగితే కొందరము జిల్లా పేరు చెప్పి ఊరుకుంటున్నాము. ఊరి పేరు చెబితే పల్లె పేరు, పల్లె పేరు చెబితే కులము అడుగుతారని సంకోచము. పేరయ్యగారి పల్లెను దేవుడు ఎన్నుకొన్నాడు. ఆయన ఎన్నుకొన్నదానిని మనము దాచిపెట్టడమెందుకు? అజ్మావెతువారు పరదేశములో తరములు గడిచినా తమ ఊరి పేరుతోనే లెక్కలో నిలిచారు.

మరికొందరు, "మా ఊరి సంఘములో ఇంకెవరున్నారండీ, పదిమంది ముసలివాళ్లు తప్ప" అంటారు. పిల్లలు చెన్నైకి, హైదరాబాదుకు, బెంగుళూరుకు వెళ్లిపోగా ఆ పదిమందే దీపము ఆరకుండా కాపాడుతున్నారు. ఇద్దరు ముగ్గురున్న చోటికి కూడా వస్తానన్న ప్రభువు పదిమంది దగ్గరకు రాడా?

కాబట్టి మూడు పనులు చేద్దాము. మన ఊరి సంఘములో మిగిలినవారి పేర్లు వ్రాసి, కుటుంబ ప్రార్థనలో పేరు పేరునా తలచుకొందాము. ఏటా కోత పండుగకైనా పిల్లలను తీసుకొని వెళదాము. వెళ్లలేని ఏడు మన కానుకలో ఒక భాగము అక్కడి పాస్టరుగారికి పంపుదాము. మన బిడ్డలకు ఊరి పేరు, ఆ ఊరిలో మొదట రక్షణ పొందినవారి పేరు నేర్పుదాము. అవి చెప్పగల పెద్దలు ప్రతి ఏటా తగ్గిపోతున్నారు, ఆలస్యము చేయవద్దు.

చిన్న మందను పేరు పేరునా ఎరిగిన ప్రభువు, మన పల్లె సంఘములను, ఈ పట్టణములోని మన సంఘములను ఒకే చేతిలో కాపాడును గాక. ఆమేన్.