అబ్బా

దెబ్బ తగిలితే తెలుగు పిల్లవాడు "అబ్బా" అంటాడు. ఉర్దూ ఇంట్లో పుట్టినవాడు తండ్రిని "అబ్బా" అంటాడు. రెండు భాషల మధ్య పెరిగిన మా ముగ్గురు తోబుట్టువుల నోట ఆ రెండూ చాలాసార్లు ఒక్క కేకలోనే వచ్చేవి. పిలుస్తున్నామో ఏడుస్తున్నామో గోడ అవతలి వాళ్ళకు తెలిసేది కాదు. తెలిసినా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఉర్దూలో "ఘర్ కీ బాత్", తెలుగులో "ఇంటి గుట్టు". ఏ భాషకు ఆ భాషలో మూత ఉంది.

ఈ మూత తియ్యాలంటే మాలాంటి వాళ్ళకు ఇంకో భయం కూడా ఉంటుంది. ముస్లిం తండ్రి పిల్లల్ని బెల్టుతో కొట్టాడని రాస్తే, చదివేవాళ్ళలో కొందరు తండ్రిని వదిలేసి ముస్లింని పట్టుకుంటారు. ఇంకొకరి తండ్రి కొడితే కోపిష్టి, మా తండ్రి కొడితే మతం! 1985లో షాబానో తీర్పు వచ్చాక మా ఇళ్ళలోని ప్రతి ఏడుపూ ఎవరో ఒకరి ఉపన్యాసానికి పనికొచ్చింది. 1992 డిసెంబరు తర్వాత మావాళ్ళు తలుపులు మరింత బిగించుకున్నారు. బయట మసీదు కూలుతుంటే లోపలి బెల్టు గురించి మాట్లాడటం ద్రోహంలా కనిపించింది. ఆ మౌనం ఎందుకో నాకు తెలుసు. కానీ దాని ఖరీదు కట్టింది కౌమ్ పెద్దలు కాదు. మా ఆపా లాంటి వాళ్ళు కట్టారు.

మా అబ్బాను మదనపల్లెలో ఎవరూ చెడ్డవాడనరు. ఐదు పూటలా నమాజు. బీడీ కూడా ముట్టలేదు. నలుగురి తగాదాలు మసీదు మెట్ల మీద కూర్చుని తీర్చేవాడు. ఇంట్లో మాత్రం సాలన్‌లో ఉప్పు ఎక్కువైనా, సబక్‌లో ఒక అక్షరం తప్పినా నడుం నుంచి బెల్టు ఊడేది. ఆపా మాకు అడ్డంగా నిలబడేది. నా మీద పడాల్సినవి సగం ఆమె వీపు మీద పడ్డాయి. తమ్ముడు పుట్టి బుద్ధెరిగేసరికి అబ్బాకు షుగరు వచ్చింది, సత్తువ తగ్గింది, కోపమూ చల్లారింది. వాడికి తెలిసిన అబ్బా, సైకిలు ముందు కూర్చోబెట్టుకుని టమోటా మార్కెట్టు చూపించిన అబ్బా. వాడు అబద్ధం చెప్పడు. ఆపా కూడా చెప్పదు. ఒక కడుపున పుట్టినా మా ముగ్గురికీ ముగ్గురు తండ్రులు.

ఇప్పుడు ఆపా పుంగనూరులో, తమ్ముడు కుప్పంలో, నేను మదనపల్లెలో. పాత చిత్తూరు జిల్లాలో ఒకే దారి మీది ఊళ్ళు. బస్సులు తిరిగినట్టు మా మధ్య మాటలు తిరగవు. ఆపా ఇంట్లో బెల్టు అనే వస్తువు లేదు. కొడుకుల బడి యూనిఫాంలో బెల్టు ఉంటే మాస్టారును బతిమాలి మాన్పించింది. ఎందుకని మాస్టారు అడిగితే "నడుం ఒరుసుకుంటుంది సార్" అందట.

చిన్ననాటి దెబ్బలు పెద్దయ్యాక ఒంట్లోకి దిగుతాయని 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు తొమ్మిది వేలమందికి పైగా మనుషులను పరిశీలించి రాశారు. చిన్నప్పటి కష్టాల లెక్క పెరిగేకొద్దీ గుండెజబ్బులు, దిగులు, తాగుడు పెరిగాయట. ఆపా బీపీ మాత్రల డబ్బా చూసినప్పుడల్లా ఆ లెక్క గుర్తొస్తుంది.

మదనపల్లె అనగానే లోకానికి గుర్తొచ్చేది 1895లో ఇక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. పదేళ్ళకు తల్లి పోయింది. బడిలో బెత్తం దెబ్బలు తిన్నాడు. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ కంటపడి, తమ్ముడు నిత్యానందతో కలిసి వాళ్ళ చేతుల్లో పెరిగాడు. పిల్లల కోసం తండ్రి నారాయణయ్య అనీబిసెంటు మీద కోర్టుకెక్కాడు. 1925లో నిత్య క్షయతో పోయాడు. కృష్ణమూర్తి పెద్దయ్యాక తన చిన్నతనం దాదాపు గుర్తులేదనేవాడు, గతం నుంచి విడుదల గురించి జీవితమంతా మాట్లాడాడు. ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఆ ఇంట్లోనే శివరామ్ అనే అన్న, బుద్ధి ఎదగని సదానంద్ అనే తమ్ముడు కూడా ఉన్నారు. శివరామ్ డాక్టరయ్యాడు, సదానంద్‌ను చివరిదాకా తన ఇంట్లో పెట్టుకున్నాడు. మరిచిపోయే వీలు ఇల్లు దాటినవాడికి దొరికింది. ఉండిపోయినవాడికి చాకిరీ దొరికింది.

మా ఇంట్లో ఉండిపోయింది ఆపా. చివరి రెండేళ్ళు అబ్బా పుంగనూరులోనే ఉన్నాడు. ఆయన కాలి పుండును రోజూ కడిగి కట్టుకట్టింది ఆమే. అంత ఖిద్మత్ చేసిందంటే మాఫ్ చేసినట్టేగా అన్నారు బంధువులు. నేను ఒప్పుకోను. పుండు కడగడం వేరు, మాఫీ వేరు.

తల్లిదండ్రుల ముందు "ఉఫ్" అని కూడా అనకూడదని ఖురాన్ పదిహేడో సూరాలో ఉంది. జుమ్మా బయానుల్లో అది లెక్కలేనన్నిసార్లు విన్నాం. అదే ఖురాన్ నాలుగో సూరాలో, న్యాయం కోసం గవాహీ ఇవ్వండి, అది మీ తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా సరే అని ఉంది. ఆ ఆయత్ ఎత్తుకున్న మౌల్వీని నేనింకా చూడలేదు. ఇంకో మాట కూడా మా పెద్దలే నేర్పారు. హుఖూఖుల్ ఇబాద్, అంటే మనిషికి మనిషి బాకీ. నమాజు తప్పితే అల్లా మాఫ్ చేస్తాడు. మనిషిని నొప్పిస్తే ఆ మనిషే మాఫ్ చెయ్యాలి.

అబ్బా జనాజా దగ్గర, నమాజుకు ముందు, తమ్ముడు రివాజు ప్రకారం నిలబడి "మా అబ్బా ఎవరికైనా బాకీ ఉన్నా, ఎవరినైనా నొప్పించినా మాఫ్ చెయ్యండి" అన్నాడు. "మాఫ్ కియా" అన్నారు సఫ్‌లలో ఉన్న మగవాళ్ళంతా. అబ్బా వాళ్ళలో ఒక్కరి మీద కూడా చెయ్యెత్తలేదు. చెయ్యెత్తించుకున్న మనిషి ఇంట్లో ఆడవాళ్ళ మధ్య ఉంది. ఆమెను అడిగిన వాళ్ళు లేరు.

ఆ తర్వాత ఆపా బర్సీకి రావడం మానేసింది. పోయినవాళ్ళ గురించి మంచే అనుకోవాలి అంటాడు తమ్ముడు. నా సెక్యులర్ మిత్రులేమో, అలాంటి తండ్రిని మనసులోంచి తుడిచేసుకొమ్మనండి అంటారు. ఆయన కోసం ఆపా ఏడుస్తుంది కూడా, ఆ ఏడుపును వాళ్ళు ఎక్కడ పెట్టమంటారో! మర్చిపొమ్మనేవాళ్ళూ తుడిచెయ్యమనేవాళ్ళూ ఆమె తరఫున తామే తీర్పు రాస్తున్నారు. తోబుట్టువుకు ఆ హక్కు కూడా లేదు. ఒకరి మాఫీని ఇంకొకరు ఇవ్వలేరు. గవాహీ ఇవ్వగలం: అవును ఆపా, జరిగింది, నేను చూశాను. చూడనివాడు కనీసం వినగలడు.

మొన్నటి బర్సీకి ముందు తమ్ముడు కుప్పంలో బస్సెక్కి, పలమనేరులో మారి, పుంగనూరు పోయాడు. మాఫ్ చెయ్యమని అడగలేదట. "నాకు తెలియని అబ్బా గురించి చెప్పు ఆపా" అన్నాడట. మగ్రిబ్ నుంచి ఇషా అజాన్ దాకా ఆమె చెప్పింది. మధ్యలో వాడు ఒక్కసారే నోరు తెరిచాడు.

"అప్పుడు నేనెక్కడున్నా?"

"నువ్వింకా పుట్టలేదు రా."

ఆ ఏడు కూడా ఆమె బర్సీకి రాలేదు. తమ్ముడు ఎందుకని అడగలేదు.